చూడకుండా వేసిన బంతి

ఈ మధ్య మా ఆస్పత్రిలో నరాల వార్డు బయట ఒకావిడ నన్ను ఆపింది. తెలుగావిడే, నెల్లూరు వైపు. భర్త జబ్బుకి డాక్టరు అప్పుడే పేరు పెట్టారు. "సిస్టర్, మీ వారిక్కూడా ఇదేనట కదా. మీరేం చేశారు?" అని అడిగింది. నాకు డ్యూటీకి వేళైంది. "దగ్గరుండి చూసుకున్నానండీ" అని వెళ్ళిపోయాను. అది జవాబు కాదని నాకు తెలుసు. ఆవిడకి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

పుస్తకాల్లో దొరికే సంగతులు రాయను. మెదడు నుంచి కండలకి వెళ్ళే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చెయ్యి, కాలు, నాలుక, గొంతు, చివరికి ఊపిరి. తెలివి మాత్రం చెక్కుచెదరదు. మందు లేదు. జబ్బు గురించి అంతవరకు తెలిస్తే చాలు.

2002, 2003

మా ఆయన పేరు సైమన్ అప్పలసామి. అందరికీ సామి. పుట్టింది ఫిజీ దీవుల్లో. వాళ్ళ ముత్తాత విజయనగరం వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్ళి, మళ్ళీ రాలేదు. వాళ్ళమ్మ అక్కడి ఫిజీ మనిషి. సామి తల్లి పోలిక. ఉంగరాల జుట్టు, గుమ్మానికి సరిపోయే భుజాలు. నాయనమ్మని వాళ్ళు ఆజీ అంటారు. ఆవిడ పెంచింది కాబట్టి తెలుగు వచ్చు. అదీ ఇప్పటి తెలుగు కాదు, ఓడెక్కిననాటిది.

రగ్బీ ఆడటం అతని ఉద్యోగం. సరదాకి కాదు, జీతానికి. పద్దెనిమిదో ఏట న్యూజీలాండ్ వెళ్ళాడు, అక్కణ్ణుంచి ఫ్రాన్సు, తర్వాత వేల్స్. పెద్ద జట్లలో ఎప్పుడూ ఆడలేదు. పేపర్లో ఫొటో పడే ఆటగాడు కాదు. ఏటా కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో అని ఎదురుచూసే రకం. ముప్పై దాటాక దుబాయ్‌లో ఒక క్లబ్బు పిలిస్తే వచ్చాడు.

నేను అప్పుడు క్యాజువాలిటీలో పనిచేసేదాన్ని. ఒక శుక్రవారం కనుబొమ్మ చీరుకుపోయి వచ్చాడు. ఆ మొహం నిండా పాత కుట్లే. నా పక్కన కాకినాడ అమ్మాయి ట్రే పట్టుకుని ఉంటే, ఎవరికీ అర్థం కాదన్న ధీమాతో అన్నాను, "ఈ మొహంలో కుట్టెయ్యడానికి ఇంకా చోటెక్కడుందే?"

"సెవి కాడ కొంచెం కాళీగుంది, సూడమ్మీ" అన్నాడు బల్ల మీద మనిషి.

కాకినాడ అమ్మాయి ట్రే కింద పడేసింది.

క్లబ్బు నేరుగా వీసా ఇవ్వదు. క్లబ్బు పెద్దల్లో ఒకాయనకి అల్ ఖూజ్‌లో టైల్స్ గోడౌన్ ఉంది. సామి వీసా ఆ కంపెనీది, కాగితం మీద స్టోర్ అసిస్టెంటు. పొద్దున గోడౌన్, సాయంత్రం ప్రాక్టీసు. మధ్యాహ్నం తిండి వేళ గోడౌన్ వెనక ఒంటరిగా ఇంకో ప్రాక్టీసు ఉండేది. నాకు సెలవు దొరికిన రోజు కూర తీసుకెళ్ళి అది చూస్తూ కూర్చునేదాన్ని.

ఆ ప్రాక్టీసు ఏమిటో చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. రగ్బీలో బంతి పక్క గీత దాటి బయటికి పోతే, రెండు జట్లూ పక్కపక్కన రెండు వరుసలు కడతాయి. ఒకడు గీత బయట నిలబడి ఆ వరుసల మధ్యకి బంతి తిన్నగా విసరాలి. అతని జట్టువాళ్ళు తమలో ఒకణ్ణి గాలిలోకి ఎత్తి పట్టుకుంటారు, వాడు అందుకోవాలి. వరుస ముందువాడికి వేస్తాడా, నడిమివాడికా, చివరివాడికా అన్నది అవతలి జట్టుకి తెలియకూడదు. సామి విసిరేవాడు. అతని పదిహేనేళ్ళ సంపాదన అంతా ఆ విసురులోంచి వచ్చిందే.

గోడౌన్లో మల్లేశం అని కరీంనగర్ మనిషి ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. ఫోర్కులకి పాత టైరు కట్టి మనిషి ఎత్తుకి లేపేవాడు. సామి దూరం నుంచి బంతిని టైరులో దూర్చాలి.

"జర పైకి లేపాల్నా, సామన్నా?"

"సాల్సాలు. ఆడే ఉంచు."

బంతి టైరులోంచి దూసుకుపోయేది. మల్లేశానికి ఒకటే అనుమానం. "నువ్వు టైరు దిక్కు సూడనే సూడవు. గోడ దిక్కు సూస్తవ్, గా అక్క దిక్కు సూస్తవ్. నీ కండ్లేమన్న ఖరాబైనయా ఏంది?"

"టైరుకేసి సూస్తే అవతలోడూ టైరు కాడికే దూకుతాడు గదా మల్లేసూ. ఎవుడికి ఏస్తానో ఆణ్ణి సూడకూడదు. బంతి సెయ్యి దాటినాకే సూడాల."

"అట్లయితే రోడ్డు దాటంగ బండ్ల దిక్కు సూడు అన్నా, గాటిని సూడకుంటె ఖలాస్."

పెళ్ళి మాట కూడా అలాగే ఎత్తాడు. క్రీక్‌లో అబ్రా ఎక్కాం, అది అటూ ఇటూ మనుషుల్ని దాటించే చెక్క పడవ. పడవవాడి మొహంలోకి తదేకంగా చూస్తూ, "నన్ను మనువాడతావేటి?" అన్నాడు. పడవవాడు ఇబ్బందిపడి "క్యా చాహియే, సాబ్?" అన్నాడు. ఆ మాట నన్నే అడిగాడని తేల్చుకోవడానికి నాకు అవతలి ఒడ్డు దాకా పట్టింది.

2003లో నరసాపురం దగ్గర మా చర్చిలో పెళ్ళి జరిగింది. మా నాన్న బడిలో తెలుగు చెప్పేవారు. అల్లుడి నోటంట తను ఎన్నడూ వినని మాటలు వస్తుంటే, పెళ్ళిపందిట్లోనే వాటి అర్థాలు అడుగుతూ కూర్చున్నారు. మాకు పిల్లలు కలగలేదు.

2005

ఆ ఏడు ఎండలు తగ్గి ఆటలు మొదలైన కొత్తలో సామి విసురు వంకర పోసాగింది. బంతి తిన్నగా వెళ్ళకపోతే రిఫరీ ఈల వేసి అవతలి జట్టుకి ఇచ్చేస్తాడు. ఒక ఆటలో ఆ ఈల అన్నిసార్లు పడటం నేనెప్పుడూ వినలేదు.

గారెత్ వేల్స్ మనిషి, ఇక్కడ ఒక బళ్ళో లెక్కలు చెప్పేవాడు. సామి బంతి వేస్తే గాలిలోకి లేచి అందుకునేది ఎక్కువగా అతనే. నన్ను 'సిస్టర్' అనేవాడు, ఆస్పత్రిలో అందరూ అంటారు కాబట్టి. ఆ సాయంత్రం మా ఇంట్లో చేపల పులుసు తింటూ, "సిస్టర్, మీ ఆయన అవతలివాళ్ళ దగ్గర కూడా జీతం తీసుకుంటున్నాడా, కనుక్కోండి" అన్నాడు. ముగ్గురం నవ్వాం. సామి పులుసు కలుపుతున్న చెయ్యి నేను చూశాను. చూపుడువేలు మిగతా వేళ్ళతో కలవడం లేదు.

అందరూ మెడ అనుకున్నారు. బంతి విసిరేవాడే, రెండు జట్లూ తలలు దూర్చి నెట్టుకునేటప్పుడు ముందు వరుసలో ఉంటాడు, వాడికి మెడ నరం నలగడం మామూలే. నేనూ అదే అనుకున్నాను. మెడకి ఫొటోలు తీశారు, పట్టీ వేశారు, కరెంటు పెట్టారు. చలికాలమంతా ఫిజియోథెరపీ గది బయట కుర్చీల్లో గడిచింది. ఎదురుగా గోడ మీద నవ్వుతున్న వెన్నెముక బొమ్మ ఉండేది. ఎముకకి నవ్వు ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

క్లబ్బు అతని స్థానంలో ఒక కుర్రవాణ్ణి దింపింది. సామి వాడికి విసరడం నేర్పుతూ ఆ సీజను ముగించాడు. చివరి ఆట రోజు చప్పట్లు కొట్టారు, ఒక జెర్సీ అద్దం కట్టించి ఇచ్చారు. తిరిగి వస్తుంటే పికప్ నడుపుతున్నది మల్లేశం.

"ఖలాస్" అన్నాడు సామి అల్ ఖూజ్ మలుపు దగ్గర. తర్వాత ఆకలేస్తోందన్నాడు.

2006

స్నానం చేసి వచ్చిన సామి వీపు తువ్వాలుతో తుడుస్తుంటే కనిపించింది. భుజం మీద చర్మం కింద కండ దానంతటది అదురుతోంది. ఆగదు. అతనికి నొప్పి లేదు, తెలియను కూడా తెలియదు. నాకు తెలిసింది. చదువుకునేటప్పుడు ఒక్కసారి చూశాను, పేరు గుర్తుంది. తువ్వాలు ఆరేసి వచ్చి, నరాల డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను.

డాక్టరు ఈజిప్టు ఆయన, మెత్తగా మాట్లాడతాడు. ఆయన గది బయట చేపల తొట్టి, శబ్దం లేని టీవీ. అక్కడ కూర్చున్నవాళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఒక సూడాన్ ముసలాయన మాత్రం మేం వెళ్ళినప్పుడల్లా జేబులోంచి ఖర్జూరాలు తీసి అందరికీ పంచేవాడు. సామి వేళ్ళకి పట్టు దొరకదని గమనించి, ఒక రోజు గింజ తీసేసి పండు అతని నోట్లోనే పెట్టాడు. ఆయనకి ఏం జబ్బో నేను అడగలేదు.

డాక్టరు పేరు చెప్పాక సామి ఒక్కటే అడిగాడు, ఆట వల్ల వచ్చిందా అని. తెలియదన్నాడు డాక్టరు. తర్వాత మద్రాసు తీసుకెళితే అక్కడా అదే పేరు, అదే మాట. నాకూ తెలియదు. తెలియనిదాని మీద నింద వెయ్యలేను. తెలిస్తే కోపగించుకోవడానికి ఒక చోటు ఉండేదేమో.

అందరూ "పోరాడు" అన్నారు. క్లబ్బువాళ్ళు, పాస్టరుగారు, ఫోన్లో చుట్టాలు. ఈ జబ్బుకి ఎదురుగా నిలబడే జట్టు ఏమీ లేదు. ఒక రోజు గుండీ పెట్టుకోలేడు. కొన్నాళ్ళకి లేవలేడు. పోరాడమన్నవాళ్ళు వెళ్ళాక గుండీలు నేను పెట్టేదాన్ని.

మేలు చేసినవాళ్ళు మాటలు చెప్పలేదు. గోడౌన్ ముదీర్, అంటే మేనేజరు, అరబ్బు మనిషి, పెద్దగా పలకడు. పనికి రాని మనిషి వీసా రద్దు చెయ్యాలి, అతను చెయ్యలేదు. ఎందుకని అడిగితే గుమాస్తాతో "స్టాకు లెక్క ఇంకా అవలేదు" అని చెప్పించాడు. ఆ లెక్క చివరిదాకా అవలేదు. మల్లేశం శుక్రవారాలు వచ్చి సామిని ఎత్తి కూర్చోబెట్టి నీళ్ళు పోసేవాడు. "సామన్నా, నువ్వు బరువు తగ్గుతున్నవ్, మంచిగనే ఉంది నా నడుముకు" అనేవాడు. సామి నవ్వేవాడు. ఇంట్లో అలా నవ్వించగలిగింది అతనొక్కడే.

డాక్టరు మొదట్లోనే ఒక సంగతి చెప్పాడు. ఎప్పుడో ఒకనాటికి ఊపిరి కండలు కూడా ఆగుతాయి. అప్పుడు గొంతుకి రంధ్రం చేసి మెషీను పెట్టవచ్చు. పెడితే ఏళ్ళు బతకవచ్చు, కదలకుండా, మాట లేకుండా, తెలివితో. ఒకసారి పెట్టాక మాత్రం మా దగ్గర ఎవరూ తీయరు. కావాలో వద్దో ముందే మాట్లాడుకోండి అన్నాడు.

నేను అలాంటి మెషీన్ల మధ్య పనిచేశాను. వాటికి అటువైపున్న మనిషి కళ్ళు ఎలా ఉంటాయో తెలుసు. అందుకే నా ఇష్టం చెప్పలేదు, అతనిది అడిగాను.

"సూద్దాం" అన్నాడు.

ఇంకో రోజు అడిగాను. "బేగి ఏటి? అప్పుడు సెప్తాను గదా."

మరోసారి అడిగితే టీవీలో క్రికెట్ శబ్దం పెంచమన్నాడు.

ఆ నెల్లూరు ఆవిడకి నేను చెప్పాల్సిన మొదటి మాట ఇదే. మాట ఉన్నప్పుడే అడగండి. 'చూద్దాం' అంటే మళ్ళీ అడగండి. కోపమొచ్చినా అడగండి.

2007

మాట ముద్దగా మారింది. తర్వాత నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు, ఆ తర్వాత నాకూ కాలేదు. ఆఖరుగా నాకు తెలిసిన మాట 'ఉప్పు'. జావలో ఉప్పు లేదన్నాడు.

ఆ జావ కాంతమ్మ గారిది. ఆవిడది రాజోలు వైపు, ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. మా తెలుగు ప్రార్థనకి వచ్చేది. శుక్రవారం సెలవు దొరికితే ఫ్లాస్కులో రాగిజావ తెచ్చేది. పల్చగా ఉంటే సామికి పొలమారుతుంది, చిక్కగా ఉంటే దిగదు. "మా మామ్మ (ఇంటావిడని అలాగే అనేది) పిల్లలకి పెట్టే కస్టర్డు చూసి పట్టేశానమ్మా ఆ పాకం" అనేది. ఉప్పు సంగతి చెప్పాక మరుసటి వారం ఉప్పు ఎక్కువేసింది. సామి మొహం చూసి తనే తిట్టుకుంది.

కళ్ళతో గుర్తులు పెట్టుకున్నాం. కళ్ళు పైకెత్తితే అవును. గట్టిగా మూస్తే కాదు.

వాళ్ళక్క లిటియా వదిన ఫిజీ నుంచి వచ్చింది. తమ్ముడంత మనిషి. అదే ఆజీ పెంపకం, అదే పాత తెలుగు. వస్తూనే తమ్ముడి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పాటలు పాడటం మొదలుపెట్టింది. ఇల్లు ఒక గది, ఒక వంటమూల. ఆమె గొంతు గోడలు దాటి పోయేది. పక్కింటి మలయాళీలు ఏమీ అనలేదు. ఒక రోజు పాట ఆగితే మాత్రం "అమ్మగారికి ఒంట్లో బాగోలేదా?" అని తలుపు తట్టారు.

ఆమె స్వస్థత జరుగుతుందని నమ్మింది. నేను నమ్మలేదని ఆమెకి తెలుసు. నేను టైము ప్రకారం తిప్పి పడుకోబెట్టి, గొట్టంతో గొంతులో కళ్ళె తీసి, చేతులు కడుక్కుని వస్తుంటే ఒక రోజు అనేసింది.

"నువ్వు నర్సునాగ సూస్తన్నావు ఆణ్ణి. పెళ్ళాంనాగ సూడవేటి?"

"నర్సులా చూడకపోతే నిలబడలేను, వదినా."

"నిలబడక్కర్నేదు. కూకో. ఏడు."

ఏడుపు రాలేదు. అది గొప్ప కాదు. చేతికి మత్తు సూది ఇచ్చాక గిల్లి చూసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉండేది. డ్యూటీకి వెళ్ళేదాన్ని, వచ్చేదాన్ని. పుస్తకం తెరిస్తే అదే పేజీ మళ్ళీ చదివేదాన్ని.

ఇంకొకటి కూడా జరిగింది, దాన్ని ఎవరికీ చెప్పలేదు. సామి నన్ను చూడటం మానేశాడు. అక్కని చూస్తాడు, మల్లేశాన్ని చూస్తాడు, నేను ఎదురుగా వస్తే కళ్ళు పక్కకి పోతాయి. గొట్టం పెట్టే మనిషిని ఎవరు చూడాలనుకుంటారు అని సర్దిచెప్పుకున్నాను.

2008

చలికాలం పోతూండగా ఊపిరి మీదికి వచ్చింది. నేను పనిచేసే ఆస్పత్రిలోనే చేర్చాం. ముక్కు మీద మాస్కు పెట్టారు. అది చాలని రోజు దగ్గరపడిందని డాక్టరు అందరినీ గదిలోకి పిలిచాడు. వదిన, నేను, చూడటానికి వచ్చిన గారెత్. గారెత్ బయటికి వెళ్ళబోతే సామి కళ్ళు గట్టిగా మూశాడు. ఉండమని.

డాక్టరు మంచం మీదికి వంగి నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పాడు. మెషీను పెడితే ఏమవుతుంది, పెట్టకపోతే ఏమవుతుంది. "కావాలా?" అని అడిగాడు.

సామి కళ్ళు పైకెత్తలేదు. మూయలేదు. అక్కని చూశాడు, చాలాసేపు. తర్వాత గారెత్‌ని చూశాడు. కిటికీని చూశాడు. మళ్ళీ అక్కని. డాక్టరు ఇంకోసారి అడిగాడు. మళ్ళీ అంతే. నా వైపు ఒక్కసారి కూడా రాలేదు ఆ చూపు.

"నాకేసి సూస్తన్నాడు" అంది వదిన. "నన్ను అడుగుతున్నాడు. బతకాలనుంది ఆడికి. డాక్టర్, ప్లీజ్, పుట్ ది మెషీన్."

డాక్టరు నన్ను చూశాడు. భార్యగా నా మాట కావాలి. రేపు పొద్దున చెప్పండి, అంతకు మించి ఆగడం మంచిది కాదు అన్నాడు.

నాకు అనిపించింది సరేననే. అతను నన్ను వద్దనుకున్నాడు, అక్కని ఎంచుకున్నాడు, అలాగే కానీ. అందులో నొప్పి కూడా లేదు. బయట కుర్చీలో కూర్చున్నాను. గారెత్ క్యాంటీన్ నుంచి కడక్ చాయ్ రెండు కప్పులు పట్టుకొచ్చి, పొడుగు కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక ముడుచుకుని పక్కన కూర్చున్నాడు.

"మెషీను పెట్టించేస్తాను" అన్నాను. "వాళ్ళక్క వైపే చూశాడు కదా."

"అవును" అన్నాడు. "నా వైపు కూడా చూశాడు."

"మీరు స్నేహితులు."

"సిస్టర్, నేను అతనితో మూడేళ్ళు ఆడాను. అతను నా వైపు చూశాడంటే నాకు ఆ బంతి రాదని అర్థం. చూడనప్పుడే మోకాళ్ళు వంచి సిద్ధంగా ఉండేవాణ్ణి." చాయ్ కప్పులోకి చూస్తూ అన్నాడు. "గదిలో అందరినీ చూశాడు. కిటికీని కూడా చూశాడు. మిమ్మల్ని చూశాడా?"

నా కప్పు కింద పెట్టాను.

"నేను పొరబడి ఉండొచ్చు" అన్నాడు గారెత్. "అడగండి. అడిగితే పోయేదేముంది?"

గదిలోకి వెళ్ళాను. వదిన ప్రార్థన చేసుకోవడానికి కిందికి వెళ్ళింది. సామి కిటికీ వైపు చూస్తున్నాడు. కుర్చీ అటు లాక్కోలేదు, ఉన్నచోటే నిలబడ్డాను. మాస్కు చప్పుడు మీదుగా వినపడేలా అడిగాను.

"సామీ. నాకే వేశావా?"

కళ్ళు పైకెత్తాడు. ఆలస్యం లేదు. అడుగుతానని కాచుకుని ఉన్నట్టు ఎత్తాడు.

అప్పుడు నా వైపు తిరిగాడు. ఏడాదిగా చూడని మనిషి కన్నార్పకుండా చూశాడు. నాకు అల్ ఖూజ్ గోడౌన్ వెనక ఎండ గుర్తొచ్చింది. చెయ్యి దాటినాకే సూడాల. అతనికి ఏం కావాలో చెప్పలేదు. కావాలో వద్దో నేనే చెప్పాలని మాత్రం చెప్పాడు. ఆ మెషీన్ల దగ్గర నిలబడి పనిచేసిన మనిషిని అతనికి తెలుసు. ఏ జవాబు చెబుతానో తెలిసే వేశాడో, ఏదైనా సరేనని వేశాడో, అది అడగలేదు. అడిగితే మళ్ళీ అతని మీద పెట్టినట్టే.

మంచం మీద కూర్చున్నాను. గ్లవ్స్ లేవు చేతులకి. అతని చెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను. అది చల్లగా ఉంది. నా చెయ్యి కూడా చల్లగానే ఉంది.

పొద్దున డాక్టరుతో "వద్దు" అన్నాను. ఊపిరి అందక బాధపడకుండా చూడమన్నాను. ఆయన తల ఊపి నా భుజం తట్టాడు. వదిన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది. తర్వాతి వారాల్లో తమ్ముడికి పాటలు పాడింది, నాతో మాత్రం వార్డులో నర్సుతో మాట్లాడినట్టు పనిమాటలే మాట్లాడింది. నీళ్ళు కావాలి, పక్క మార్చాలి, అంతే.

సామి ఒక మధ్యాహ్నం పోయాడు. మేమిద్దరం చెరో పక్కన ఉన్నాం. నిద్రలోనే. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగి, ఒక ఎడం తర్వాత ఇంక రాలేదు. నేను చెయ్యాల్సిన పనులు వరసగా చేశాను. వదిన చేయనిచ్చింది. చివర్లో కాళ్ళు మాత్రం నాకు ఇవ్వలేదు, తనే తుడిచింది.

ఇక్కడే మట్టి చేశాం. మోసింది జట్టువాళ్ళు. మల్లేశం ఎత్తు చాలక మధ్యలో నడిచాడు, చెయ్యి మాత్రం పైకి పెట్టి పెట్టెకి ఆనించాడు. ముదీర్ వచ్చి దూరంగా కారు పక్కన నిలబడి వెళ్ళిపోయాడు. కాంతమ్మ గారికి ఆ రోజు సెలవు ఇవ్వలేదు.

వదిన వెళ్ళిపోయాక చాలాకాలం ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు. ఆమె నన్ను ఏమనుకుంటోందో నాకు తెలుసు. తమ్ముడు చూపుతో ఆ నిర్ణయం తనకి అప్పగిస్తే నేను మధ్యలో దూరి తెంపేశానని.

మొన్న ఫోన్ చేసింది. అక్కడ వాన పడుతున్నట్టుంది, రేకుల మీద చప్పుడు. యోగక్షేమాలు అడిగింది. చెరకు గురించి చెప్పింది.

"ఒకటడుగుతాను. అబద్దం సెప్పకు."

"అడుగు వదినా."

"ఆకరికి నీకేసి సూసినాడా, ఆడు?"

"చూశాడు."

"ఎప్పుడు? నువ్వు ఆణ్ణేటైనా అడిగినావా?"

"అడిగాకే. నాకే వేశావా అని అడిగాను. అవునన్నాడు. అప్పుడు చూశాడు."

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏడుస్తోందనుకున్నాను.

"సిన్నప్పుడు ఆజీ బెల్లం కుండ అటక మీదెట్టేది" అంది వదిన. "ఈడు తీసేవోడు. ఆజీ వచ్చి 'ఎవుర్రా తీసింది?' అంటే కుండకేసి సూసేవోడు కాడు, దాసిన జేబుకేసి సూసేవోడు కాడు. నాకేసి సూసేవోడు. తిన్నగా, నాకేసే. ఆజీ నన్ను కొట్టేది."

నేను ఫోను గట్టిగా పట్టుకున్నాను.

"ఎన్ని దెబ్బలు తిన్నానే అమ్మీ, ఆడి సూపుకి!" అంది. "ముసల్దాన్నయినాను, మళ్ళీ నమ్మీసినాను."

ముందు ఎవరు నవ్వామో గుర్తులేదు. నాకు ఏడుపొచ్చింది అప్పుడే.